ముఖంపై చర్మ క్యాన్సరు – శస్త్రచికిత్స నడచి వచ్చిన దారి

మన గోదావరి ఒడ్డున, భద్రాచలానికి ఎగువన పర్ణశాల ఉన్నది. లక్ష్మణస్వామి శూర్పణఖ ముక్కుచెవులు కోసిన చోటు అదేనని తరతరాలుగా మనవారి నమ్మకం. తీర్థయాత్రలు చేసి వచ్చిన మన సభ్యులలో చాలామంది ఆ స్థలం చూసే ఉంటారు. ముక్కు కోయడమంటే ప్రాణం తియ్యకుండా పరువు తియ్యడం. పూర్వం మన దేశంలో నేరస్థులకు, యుద్ధంలో పట్టుబడినవారికి ఈ శిక్ష వేసేవారు. శిక్ష ఉన్నచోటనే దానికి విరుగుడు కూడా పుట్టింది. పోయిన ముక్కును ఆ మనిషి నుదుటి చర్మంతోనే తిరిగి కట్టే విద్య యూరపు ఖండానికి మన దేశం నుంచే వెళ్ళింది. ఈనాడు ముఖం మీద చర్మ క్యాన్సరు వచ్చినవారికి పెద్ద ఆసుపత్రులలో చేస్తున్న ఆపరేషన్లలో ఆ పాత విద్య ఇప్పటికీ ఉపయోగపడుతూనే ఉన్నది.

నేను చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడినేగాని వైద్యుణ్ణి కాను. అయినా ఈ ప్రత్యేక సంచికకు ఈ విషయమే ఎన్నుకోవడానికి కారణం ఉన్నది. మన సమావేశాలలో పింఛను లెక్కలు, కరువుభత్యం బకాయిలు అయిపోయిన తరువాత మాటలు ఆరోగ్యం మీదికి మళ్ళుతాయి. బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు, కంటి శుక్లాలు అందరూ చెప్పుకుంటారు. ముఖం మీద మానని పుండు గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. రాజోలు వైపు మిత్రుడొకరికి ముక్కు పక్కన మినపగింజంత నల్లని బుడిపె లేచింది. పుట్టుమచ్చ అనుకున్నారు. పైన పెచ్చు కట్టడం, అది ఊడితే చుక్క నెత్తురు రావడం, మళ్ళీ పెచ్చు కట్టడం. అలా రెండేళ్ళు గడిచాయి. చివరికి ముక్క తీసి పరీక్ష చేయిస్తే చర్మ క్యాన్సరని తేలింది. ఆపరేషను చేయించుకోమంటే ఆయన అన్న మాట: "ఈ వయసులో ముక్కు కోయించుకుని ఎవరికి మొహం చూపించమంటారు?" ఆ ప్రశ్నకు చరిత్రలో మంచి సమాధానం ఉన్నది. అదే ఈ వ్యాసం.

సుశ్రుతుడు చెప్పిన రెండు మాటలు

సుశ్రుతుణ్ణి క్రీస్తుకు పూర్వం ఆరవ శతాబ్దం వాడని చాలామంది అంటారు. మరికొందరు ఇంకా తరువాతి కాలానికి చెందినవాడంటారు. కాలం సంగతి ఎలా ఉన్నా, ఆయన పేరిట ఉన్న సంహితలో మన విషయానికి సంబంధించిన మాటలు రెండు ఉన్నాయి.

మొదటిది అర్బుదాల చికిత్స చెప్పే చోట. అర్బుదమంటే శరీరంలో పెరిగే కంతి. దానిని తీసేటప్పుడు కొంచెం కూడా మిగల్చకుండా తీయాలనీ, మిగిలితే త్వరలోనే మళ్ళీ పెరిగి, ఆరీ ఆరని నిప్పు రాజుకున్నట్టు మనిషిని చంపుతుందనీ ఆ గ్రంథం భావం. మేడ గోడ పగులులో మొలిచిన రావి మొక్కను పైపైన కోసేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. ఇదీ అంతే.

రెండవది సూత్రస్థానంలో చెవి, ముక్కు అతికే విధానం చెప్పే చోట. పోయిన ముక్కు కొలతకు సరిపోయే ఆకు ఒకటి తీసుకుని, దానిని చెంప మీద పెట్టి, అంత మేర చర్మాన్ని కోయాలి. కాని పూర్తిగా వేరు చేయకూడదు. ఒక పక్క అంటి ఉండగానే ముక్కు మొదలుకు చేర్చి అతకాలి. ఊపిరి ఆడడానికి రెండు గొట్టాలు పెట్టాలి. అతికిన చోట అతిమధురం మొదలైన వాటి పొడి చల్లి, తెల్లని దూది కప్పి, నువ్వుల నూనెతో తడుపుతూ ఉండాలి. అంటి ఉన్న పక్క నుంచి నెత్తురు అందుతుంది గనుకనే ఆ చర్మం కొత్త చోట బతుకుతుంది. రక్తప్రసరణ ఎలా జరుగుతుందో ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే అచ్చు వేసినది 1628లో. మనవారు అంతకు ఎంతో ముందే అనుభవం మీద ఈ కిటుకు పట్టుకున్నారు.

వేరు మిగల్చకుండా తీయాలి. తీసిన చోటికి బతికి ఉన్న చర్మాన్ని తెచ్చి కప్పాలి. ముఖం మీద క్యాన్సరుకు శస్త్రచికిత్స అంటే ఈ రెండే. మొదటి పని ధైర్యంగా చేయాలంటే రెండవ పని చేతనై ఉండాలి. పూడ్చడం రానివాడు పెద్ద గొయ్యి తవ్వడానికి జంకుతాడు. జంకి తక్కువ కోస్తే వేరు మిగులుతుంది.

పూనా దగ్గర ఒక పింఛనుదారు

సుశ్రుతుని తరువాత ఈ విద్య పుస్తకాలలో కంటే చేతులలో ఎక్కువగా బతికింది. తండ్రి నుంచి కొడుకుకు వస్తూ, చెంపకు బదులు నుదుటి చర్మం వాడే పద్ధతిగా మారింది. దానికి అచ్చులో దొరికే ప్రసిద్ధమైన సాక్ష్యం 1794 అక్టోబరు నాటిది. లండనులో వెలువడే జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ అనే పత్రికలో ఒక ఉత్తరం, ఒక బొమ్మ పడ్డాయి.

బొమ్మలోని మనిషి పేరు కవాస్జీ. మరాఠా రైతు కుటుంబీకుడు. 1792 నాటి మైసూరు యుద్ధంలో కంపెనీ సైన్యం వద్ద ఎడ్లబండి తోలేవాడు. టిప్పు పక్షం వారికి ఖైదీగా చిక్కితే ముక్కూ, ఒక చెయ్యీ నరికించారని ఆ ఉత్తరం చెబుతుంది. మన పాఠకులు గమనించదగ్గ విషయం ఒకటి అందులో ఉన్నది: ఆయన అప్పటికి ఈస్టిండియా కంపెనీ పింఛనుదారు! ఏడాదికి పైగా ముక్కు లేకుండానే తిరిగాడు. తరువాత పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన ఆయనకు కొత్త ముక్కు కట్టాడు. ఆ పనివాని పేరు ఎవరూ రాసిపెట్టలేదు. ఆపరేషను జరిగే తీరును కంపెనీ డాక్టర్లు ఇద్దరు కళ్ళారా చూశారు. ముక్కు కట్టిన పది నెలల తరువాత జేమ్స్ వేల్స్ అనే చిత్రకారుడు కవాస్జీ బొమ్మ గీశాడు.

పని జరిగిన తీరు ఇది. మైనంతో ముక్కు ఆకారం చేసి, మొండి ముక్కు మీద పెట్టి సరిచూశారు. ఆ మైనాన్ని బల్లపరుపుగా చేసి నుదుటి మీద పరచి, చుట్టూ గీత గీశారు. ఆ గీత వెంబడి చర్మం లేపారు. కనుబొమల మధ్య సన్నని పట్టీ మాత్రం తెగకుండా ఉంచారు. ఆ చర్మాన్ని మెలితిప్పి కిందికి దించి, పచ్చి చేసిన ముక్కు అంచులలో ఇమిడ్చారు. కుట్లు లేవు. తమలపాకులలో వేసుకునే కాచు నీళ్ళలో మెత్తగా చేసి, గుడ్డపీలికలకు పూసి, ఒకదానిపై ఒకటి అయిదారు పొరలు అంటించారు. నాలుగు రోజుల తరువాత అది తీసి నేతిలో తడిపిన గుడ్డలు వేశారు. పదవ రోజున ముక్కుపుటాలు మూసుకుపోకుండా మెత్తని గుడ్డ దూర్చారు. సుమారు ఇరవై అయిదవ రోజున కనుబొమల మధ్య పట్టీని కోసి, ముక్కు తీరు సరిదిద్దారు.

ఆ ఇరవై అయిదు రోజుల లెక్క గుర్తుంచుకోవలసిందని మనవి. దానితో మళ్ళీ పని ఉన్నది.

లండనుకు చేరిన విద్య

ఇటలీలో టాగ్లియాకోజ్జి అనే వైద్యుడు 1597లోనే చేతి చర్మంతో ముక్కు కట్టే విధానం గ్రంథంగా ప్రకటించాడు. రోగి తన చేతిని తలకు కట్టుకుని వారాల తరబడి ఉండవలసి వచ్చేది. తరువాత ఆ పద్ధతి మరుగున పడింది. అందుకే మన దేశపు వార్త లండను వైద్యులను ఆశ్చర్యపరచింది.

జోసెఫ్ కార్ప్యూ అనే శస్త్రవైద్యుడు ఆ పద్ధతిని శవాలపై ఏళ్ళ తరబడి అభ్యాసం చేసి, 1814 అక్టోబరులో మొదటిసారి ఒక సైనికాధికారికి నుదుటి చర్మంతో ముక్కు కట్టాడు. కాలేయ వ్యాధికి వాడిన పాదరసం మందుల వల్ల ఆ అధికారి ముక్కు తినివేయబడింది. రెండవ రోగి స్పెయిన్ యుద్ధంలో కత్తివేటుకు గురైన మరొక అధికారి. ఈ రెండింటి వివరాలతో కార్ప్యూ 1816లో పుస్తకం వేశాడు. అప్పటి నుంచి ప్రపంచ వైద్య గ్రంథాలలో దీనికి 'భారతీయ పద్ధతి' అనే పేరు స్థిరపడింది. మన దేశంలో కూడా ఈ పని ఆగలేదు. గుజరాత్‌లోని జునాగఢ్ సంస్థానంలో త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా అనే డాక్టరు దొంగల చేతిలో ముక్కులు పోగొట్టుకున్నవారికి ఇలాంటి ఆపరేషన్లు ఎన్నో చేసి, 1889లో ఒక పుస్తకం ప్రకటించారు.

కవాస్జీకి గాని, కార్ప్యూ రోగులకు గాని మత్తుమందు లేదు. ఈథరు మత్తుతో బహిరంగంగా ఆపరేషను చేసి చూపింది అమెరికాలోని బోస్టనులో, 1846 అక్టోబరులో. తరువాత క్లోరోఫారం వచ్చింది. దాని వల్ల ప్రాణాలు ఎందుకు పోతున్నాయో తేల్చడానికి మన హైదరాబాదులోనే, ఆరవ నిజాం ప్రభుత్వం ఖర్చుతో, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు ఆధ్వర్యాన 1888, 1889 సంవత్సరాలలో రెండు క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. కోసే చోట మాత్రమే తిమ్మిరి ఎక్కించే విధానం 1884లో వియన్నాలో కొకెయిన్‌తో మొదలైంది. ఇప్పుడు పళ్ళ డాక్టరు కూడా వాడే లిగ్నోకెయిన్‌ను 1943లో స్వీడన్‌లో తయారు చేశారు. ముఖం మీద చిన్న ఆపరేషన్లు చాలావరకు దీనితోనే జరుగుతాయి. అందువల్ల పెద్ద వయసు, గుండె బలహీనత ఉన్నవారికి సైతం అవి సాధ్యమైనాయి.

ఈ పుండుకు పేరు పెట్టినవారు

1827లో డబ్లిన్ నగరంలో ఆర్థర్ జాకబ్ అనే వైద్యుడు కనురెప్పల దగ్గర వచ్చే ఒక వింత పుండును వర్ణించాడు. అది నెమ్మదిగా, ఏళ్ళ తరబడి, పక్కనున్న కండను, ఎముకను తింటూ పోతుంది. మెడలో బిళ్ళలు కట్టడం మాత్రం ఉండదు. ఎలుక కొరికినట్టు ఉంటుందని ఇంగ్లీషువారు దానికి ఎలుక పేరే పెట్టారు. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో హంగేరీకి చెందిన క్రోంపెచర్ సూక్ష్మదర్శిని కింద దాని కణాలను పరిశీలించి, చర్మం పై పొరలో అట్టడుగు వరుస కణాలను పోలి ఉన్నాయని నిరూపించాడు. అదే ఇప్పటి బేసల్ సెల్ క్యాన్సరు. ముఖం మీద వచ్చే చర్మ క్యాన్సర్లలో ఇది ముఖ్యమైనది. శరీరంలో వేరే చోటికి పాకడం చాలా అరుదు. ఉన్నచోటనే ముక్కునూ, కంటినీ తినివేయగలదు.

రెండవ రకం స్క్వేమస్ సెల్ క్యాన్సరు. ఇది కింది పెదవి మీద, చెవి మీద ఎక్కువ. ఎప్పుడో కాలి మానిన మచ్చల మీద కూడా లేస్తుంది. మెడ బిళ్ళలకు పాకగలదు గనుక దీని విషయంలో ఆలస్యం మరింత ప్రమాదం. మూడవది మెలనోమా, మనవారిలో ముఖం మీద తక్కువ, అరికాళ్ళలో కొంత ఎక్కువ. ఇది త్వరగా పాకుతుంది.

మన చర్మంలోని నలుపు ఎండ నుంచి మనకు గొడుగు. అందుకే తెల్లవారితో పోలిస్తే మనకు ఈ జబ్బులు చాలా తక్కువ. తక్కువ గనుకనే ఎవరికీ అనుమానం రాదు. పైగా మనవారిలో బేసల్ సెల్ క్యాన్సరు తరచు నల్లగా ఉండి పుట్టుమచ్చలా కనిపిస్తుంది. తెలుగుదేశంలో క్యాన్సరు అనగానే శ్రీకాకుళం, విశాఖ జిల్లాలలో అడ్డచుట్ట కాల్చే స్త్రీలకు అంగిట్లో వచ్చే క్యాన్సరు గుర్తుకు వస్తుంది. దానికీ దీనికీ పోలిక లేదు. వేళకు తీయించుకుంటే ముఖం మీది బేసల్ సెల్ క్యాన్సరు దాదాపు పూర్తిగా నయమయ్యే జబ్బు.

పూత మందు, సూక్ష్మదర్శిని

1899లో స్వీడన్‌లో ముఖం మీది చర్మ క్యాన్సరును ఎక్స్‌రే కిరణాలతో నయం చేశారు. కిరణాలతో మొట్టమొదట నయమైన క్యాన్సర్లు ఇవే. ఆపరేషనుకు పనికిరాని రోగులకు నేటికీ ఆ మార్గం ఉన్నది. అయినా మొదటి స్థానం కత్తిదే. కత్తికి ఉన్న చిక్కల్లా ఒకటే: వేరు ఎక్కడిదాకా పోయిందో కంటికి కనపడదు.

ఈ చిక్కు విప్పినవాడు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడరిక్ మోస్. ఆయన విద్యార్థి దశలోనే జింకు క్లోరైడు అనే మందు కండను చంపినా దాని రూపం చెడకుండా నిలుపుతుందని గమనించాడు. సురుమా రాయి పొడి, ఒక మొక్క వేరు పొడి కలిపి లేపనం చేసి, 1936 నుంచి రోగులకు వాడాడు. పుండుకు పూసి, మరునాడు ఆ పొరను పలుచగా కోసి తీసి, దాని అడుగుభాగమంతా సూక్ష్మదర్శిని కింద చూసేవాడు. ఎక్కడ క్యాన్సరు కణాలు కనిపిస్తే సరిగ్గా అక్కడే మళ్ళీ పూత, మళ్ళీ పొర. ఎక్కడా కనపడనంతవరకు ఇలాగే. 1941లో దీనిని వైద్యలోకానికి ప్రకటించాడు. 1970లలో ట్రోమోవిచ్, స్టెగ్‌మన్ అనే వైద్యులు లేపనం అవసరం లేకుండా, తిమ్మిరి ఇంజెక్షను ఇచ్చి ఆ రోజే పొరలు పరీక్షించే పద్ధతిని స్థిరపరచారు. సుశ్రుతుడు చెప్పిన మొదటి మాట, మిగల్చకుండా తీయమన్నది, ఇలా కంటికి కనిపించే లెక్కగా మారింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన పల్లెలలో పులిపిరులకు, మచ్చలకు సున్నమూ సోడా కలిపి పెట్టడం, పసరు పూయడం, యాసిడ్ చుక్క వేయడం ఉన్నది. పైన కాలి పెచ్చు ఊడితే తగ్గిందనుకుంటాం. అడుగున వేరు అలాగే ఉంటుంది. మానిన చర్మం కింద దాగి ఇంకా లోతుకు పోతుంది. మోస్ గొప్పతనం పూతలో లేదు; పూసిన తరువాత ప్రతి పొరనూ పరీక్షించడంలో ఉన్నది.

గోదావరి దాటితేనే వైద్యం

మన పెద్దలు ఇలాంటి పుండ్లను ఎందుకు ముదరబెట్టుకున్నారో అర్థం కావాలంటే కోనసీమ పటం చూడాలి. గౌతమి ఒక పక్క, వసిష్ఠ ఒక పక్క, మధ్యలో వైనతేయ, దిగువన సముద్రం. అమలాపురం వారు కాకినాడ వెళ్ళాలంటే ముక్తేశ్వరం వద్ద పడవెక్కి కోటిపల్లిలో దిగేవారు. రాజోలు వారు నర్సాపురం పోవాలంటే సఖినేటిపల్లి రేవు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది గాని, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో 1940లో పట్టాలు పీకి తీసుకుపోయారు. మళ్ళీ ఆ దారిన రైలు నడిచింది 2004లో.

నది దాటినా దగ్గరలో ఏమున్నది? విశాఖపట్నంలో వైద్య కళాశాల 1923లో వచ్చింది. కిరణ చికిత్సకు మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బర్నార్డ్ సంస్థ 1934లో, బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి 1941లో వచ్చాయి. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారి కృషితో అడయారు క్యాన్సరు సంస్థ 1954లోనూ, మెహదీ నవాజ్ జంగ్ పేరిట హైదరాబాదు క్యాన్సరు ఆసుపత్రి 1955లోనూ మొదలయ్యాయి. మనకు దగ్గరలో కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958 నాటిది. ఆ ఏడే నాగపూరు వైద్య కళాశాలలో ప్లాస్టిక్ సర్జరీకి ప్రత్యేక విభాగం ఏర్పడింది. కవాస్జీకి ముక్కు కట్టిన దేశంలో ఆ విద్యకు ఒక కళాశాలలో సొంత గది దొరకడానికి నూట అరవై ఏళ్ళకు పైన పట్టింది!

ఈనాడు పరిస్థితి వేరు. ఎదుర్లంక–యానాం వంతెన 2002లో వచ్చింది. అమలాపురంలోనే వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. 2022లో మనకు సొంత జిల్లా ఏర్పడింది. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా స్మారక కేంద్రం వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి పనిచేస్తున్నది. నది అడ్డు తొలగింది. మిగిలిన అడ్డు భయం ఒక్కటే.

రాజోలు మిత్రుని సంగతి చెప్పాలి. పిల్లలు పట్టుబట్టి తీసుకువెళ్ళారు. మినపగింజంత ఉన్నప్పుడు తీసి రెండు మూడు కుట్లు వేస్తే సరిపోయే పని, రెండేళ్ళ ఆలస్యం వల్ల రూపాయి బిళ్ళంత గాయమైంది. ముక్కు రెక్క కొంత పోయింది. డాక్టర్లు నుదుటి నుంచి చర్మం దించి ఆ లోటు పూడ్చారు. కనుబొమల మధ్య నుంచి ముక్కు మీదికి ఒక చర్మపు పట్టీ తొండంలా వేలాడుతుంటే మూడు వారాలు ఇంటి గడప దాటలేదు. తరువాత ఆ పట్టీని కోసి సరిచేశారు. పూనా ఇటుకల పనివాడు ఆగింది ఇరవై అయిదు రోజులు; ఇప్పటి డాక్టర్లు ఆగేది సుమారు ఇరవై ఒకటి. కాచు పోయి కుట్లు వచ్చాయి, నెయ్యి పోయి ఆయింట్‌మెంటు వచ్చింది, మత్తు వచ్చింది. దారి మాత్రం అదే. ఆ పై ఏడాది ఆయన నుదుటి మీద నిలువుగా సన్నని గీత మాత్రమే మిగిలింది. దానిని ఆయన నామం గీత అని నవ్వుతూ చెబుతారు.

సభ్యులకు మనవి

ఇప్పటి పద్ధతి క్లుప్తంగా ఇది. మొదట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే క్యాన్సరు పాకుతుందన్న మాట నిజం కాదు. ఆ పరీక్ష లేనిదే ఎంత కోయాలో తెలియదు. చిన్న బేసల్ సెల్ క్యాన్సరయితే చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా తీస్తారు. స్క్వేమస్ రకానికి ఆరు మిల్లీమీటర్ల దాకా, ముదిరితే ఇంకా ఎక్కువ తీస్తారు. తీసిన ముక్క అంచులలో జబ్బు మిగిలిందేమో మళ్ళీ పరీక్ష చేస్తారు. ఆ నివేదిక చేతికి తీసుకుని భద్రపరచుకోవాలి. కంటి లోపలి మూల, ముక్కు మడత, చెవి చుట్టూ వచ్చినవి తిరిగి రావడం ఎక్కువ గనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం. గాయం చిన్నదైతే నేరుగా కుడతారు. పెద్దదైతే చెంప చర్మం జరుపుతారు, చెవి వెనుక చర్మం అతుకుతారు, లేదా నుదుటి చర్మం దించుతారు. ముఖానికి నెత్తురు బాగా అందుతుంది గనుక గాయాలు త్వరగా మానుతాయి. కుట్లు చాలావరకు వారం లోపలే విప్పుతారు. గుండె జబ్బుకు నెత్తురు పలచబరచే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి, సొంతంగా మానకూడదు.

అనుమానించవలసినవి ఇవి: నెల దాటినా మానని పుండు, పెచ్చు కట్టి, ఊడి, నెత్తురు వచ్చి, మళ్ళీ పెచ్చు కట్టేది, ముత్యంలా నిగనిగలాడే అంచు ఉన్న బుడిపె, పెరుగుతున్న లేదా రంగు మారుతున్న పుట్టుమచ్చ, పాత కాలిన మచ్చ మీద కొత్తగా లేచిన పుండు. నొప్పి లేదు కదా అని ధైర్యపడవద్దు. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. గడ్డం గీసేటప్పుడు ఒకే చోట పదే పదే తెగుతుంటే తప్పు కత్తిది కాకపోవచ్చు. మన ముఖం మనకంటే ఇంట్లోవారికి, క్షురకునికి బాగా కనపడుతుంది. వారు చెబితే విసుక్కోకుండా వినాలి. వరిచేలలో, కొబ్బరితోటలలో ఎండలో తిరిగే సభ్యులు తలపాగాతోనో, గొడుగుతోనో వెళ్ళడం మంచిది.

ఖర్చు విషయం. మన రాష్ట్రంలో ఉద్యోగులకు, పింఛనుదారులకు ఆరోగ్య కార్డులు 2013 నుంచి ఉన్నాయి. ఆపరేషనుకు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర వద్ద కార్డు చూపి, ఈ చికిత్స అక్కడ వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి. తిరగలేని సభ్యులకు మన తాలూకా శాఖల వారు తోడు వెళ్ళగలరు.

కవాస్జీ కథలో నాకు నచ్చినది ఒకటున్నది. ఆయన ఆ కొత్త ముక్కుతో సిగ్గుపడి ఇంట్లో కూర్చోలేదు. చిత్రకారుని ఎదుట కూర్చుని బొమ్మ గీయించుకున్నాడు. ఆ బొమ్మ చూసే లండను వైద్యులు నేర్చుకున్నారు. మత్తు లేని రోజులలో, చెయ్యి కూడా పోగొట్టుకున్న ఒక బండివాడు చేయించుకున్న పనిని, ఇన్ని సౌకర్యాలున్న కాలంలో మనం వాయిదా వేయనవసరం లేదు. ఈ వ్యాసం చదివిన సభ్యులు ఈ పూటే అద్దం ముందు, వెలుతురులో, ముక్కు మడతలు, చెవుల వెనుక, కళ్ళ మూలలు ఒకసారి చూసుకోవలసిందిగా, ఇంట్లోవారివి కూడా చూడవలసిందిగా కోరుతున్నాను.